పడుగూ పేకల ఫ్లాండర్స్

శుక్రవారం, బ్రస్సెల్స్

బ్రస్సెల్స్‌లో పాత టాపెస్ట్రీలు, అంటే ఫ్లాండర్స్ (ఇప్పటి ఉత్తర బెల్జియం) వైపు నేతగాళ్లు బొమ్మలు నేసిన గోడ తెరలు, చూడాలంటే సింకాంతెనేర్ పార్కులో ఉన్న ఆర్ట్ అండ్ హిస్టరీ మ్యూజియానికి వెళ్లాలి. టికెట్ తీసుకుని లోపలికి వెళ్లగానే ఒక స్కూలు పిల్లల గుంపు మా ముందు నుంచే మమ్మీల వైపు పరుగెత్తింది. టాపెస్ట్రీల హాల్లో మాత్రం మేమిద్దరం, కాపలా ఆవిడ, అంతే. గెంట్‌లో పదిహేనో శతాబ్దపు చిత్రకారుడు వాన్ ఐక్ బొమ్మ కోసం టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. ఇక్కడ బెంచీ మీద కూర్చుని ఎంతసేపు చూసినా అడిగేవాళ్లు లేరు. అవి నేసిన రోజుల్లో సంగతి తలకిందులుగా ఉండేది. మంచి చిత్రకారుడి బొమ్మకు అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు ఒకే కథ చెప్పే టాపెస్ట్రీల వరసకు అయ్యేది. రాజులు వాటిని చాపల్లా చుట్టించి, బళ్లకెక్కించి, ఏ కోటకు వెళ్తే ఆ కోట గోడలకు కట్టించుకునేవాళ్లు.

నాతో వచ్చింది మా అక్క. మెట్టినిల్లు చీరాల. అత్తగారింట్లో ఒకప్పుడు మగ్గాలు ఆడేవి కాబట్టి నేత దగ్గర ఆమెను మోసం చేయడం కష్టం. నేను బొమ్మలో ఉన్న మనుషులెవరో చదువుకుంటుంటే, ఆమె తాడు కట్టిన చోటు దాకా వెళ్లి ముక్కు ఆనించినంత పని చేసి దారం చూస్తుంది. కాపలా ఆవిడ రెండుసార్లు గొంతు సవరించుకుంది. మూడోసారి లేచి వచ్చింది. అక్క నవ్వి, చేతులు వెనక్కి కట్టుకుని చూపించింది. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం.

ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇక్కడి సాబ్లోన్ చర్చి మేరీమాత కథ నేసిన వరస. 1518 నాటిది. దాని ముక్కలు ఇప్పుడు తలో చోట ఉన్నాయి, బ్రస్సెల్స్‌లోనే రెండు మ్యూజియాల్లో కనిపిస్తాయి. ఇక్కడొకటి, గ్రాండ్ ప్లేస్‌లోని సిటీ మ్యూజియంలో ఒకటి. కథ ఇది: 1348లో బియాట్రిస్ అనే భక్తురాలికి మేరీమాత కలలో కనబడితే, ఆమె ఆంట్‌వెర్ప్ నుంచి మాత విగ్రహాన్ని పడవలో బ్రస్సెల్స్ తీసుకొచ్చింది. ఇది నేయించినవాడు ఫ్రాన్స్ వాన్ టాక్సిస్. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు రాజులకు యూరప్ అంతటా గుర్రాల మీద టపా నడిపిన మనిషి. డబ్బు పెట్టినవాడు ఊరుకుంటాడా? తనూ బొమ్మలోకి వచ్చేశాడు. పద్నాలుగో శతాబ్దపు విగ్రహాన్ని పల్లకీలో మోస్తున్నదేమో పదహారో శతాబ్దపు కుర్రాడు చార్లెస్, అతని తమ్ముడు ఫెర్డినాండ్. వాళ్ల మేనత్త మార్గరెట్ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. టపా కాంట్రాక్టు ఇచ్చే కుటుంబం మొత్తాన్ని మాత పక్కన నిలబెట్టాడన్నమాట. మన ఊళ్లలో గుడి గోపురం కట్టించి శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు ముందు వేయించడం గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ చార్లెస్సే తర్వాత స్పెయిన్ నుంచి జర్మనీ దాకా ఏలిన ఐదో చార్లెస్ చక్రవర్తి. మేం ఏ ఊరు వెళ్లినా మాకంటే ముందే అక్కడున్నాడు.

మధ్యాహ్నం కూడెన్‌బర్గ్ వెళ్లాం. 1731లో కాలిపోయిన పాత రాజమహల్ ఇప్పుడు భూమి కింద ఉంది. మెట్లు దిగితే పాత వీధి, గోడల మొదళ్లు, చల్లటి గాలి. 1555 అక్టోబరు 25న చార్లెస్ ఈ మహల్లోని పెద్ద హాల్లో, తర్వాత డచ్చి తిరుగుబాటుకు నాయకుడైన యువకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ భుజం ఆసరాగా నిలబడి గద్దె దిగుతున్నానని చెప్పాడు. ఆ రోజు గోడలకు కట్టింది అతని ముత్తాతకు తండ్రి ఎప్పుడో నేయించిన టాపెస్ట్రీలేమో అని అక్క అడిగింది. దాదాపు అంతే. బర్గండీ డ్యూక్ ఫిలిప్ ది గుడ్ 1449లో పురమాయించిన బైబిల్ వీరుడు గిడియన్ కథ. అప్పటికే వందేళ్ల పాతవి. రాజరికం కొత్త బట్ట కట్టుకోదు, పాతదే బయటికి తీస్తుంది. ఆ గిడియన్ తెరలు ఇప్పుడు లేవు.

సాయంత్రం చిప్స్ పొట్లం, మయొనైజ్‌తో కలిపి ఆరు యూరోల చిల్లర. ఇద్దరికీ సరిపోయింది. దాన్ని ఫ్రెంచ్ ఫ్రైస్ అన్నామో, కొట్టువాడు మొహం మాడ్చుకుంటాడు. ఇక్కడివాళ్ల లెక్కలో అది బెల్జియం సొత్తు.

శనివారం, మెకెలెన్

రైల్లో అరగంట కూడా పట్టదు. ఊరు చిన్నది, శుభ్రంగా ఉంది, శనివారం సంత. ఇక్కడికి వచ్చింది డె విట్ కార్ఖానా కోసం. 1889లో పెట్టారు. ఇప్పుడు కొత్తవి నేయడం కంటే ప్రపంచంలోని మ్యూజియాలు పంపే పాత టాపెస్ట్రీలను కడగడం, బాగుచేయడమే వాళ్ల ప్రధాన పని. టోంగెర్లో మఠం వాళ్ల పాత విడిది భవనంలో ఉంది. శనివారం పొద్దున గైడుతో చూపిస్తారని తెలిసి ప్రయాణమంతా ఆ రోజు చుట్టూ సర్దుకున్నాం.

మొదట మగ్గం దగ్గర నిలబెట్టారు. ఫ్లాండర్స్‌లో ఎక్కువగా వాడింది అడ్డంగా పరిచిన మగ్గం. పడుగు, అంటే మగ్గానికి బిగించి ఉంచే పోగులు, ఉన్ని దారం. దాని కింద అసలు బొమ్మ గీసిన కాగితాన్ని పేలికలుగా కోసి పెడతారు. నేతగాడు పడుగు సందుల్లోంచి దాన్ని చూస్తూ, రంగు రంగుకీ వేరే కండెతో, ఆ రంగు ఉన్నంత మేరే పేక (పడుగుకు అడ్డంగా పోయే దారం) నడిపి వెనక్కి తిప్పుతాడు. పేకను తన వైపుకు గట్టిగా కొట్టడంతో పడుగు పూర్తిగా మునిగిపోతుంది. మనకు కనిపించేదంతా పేకే. ఇంకో తమాషా ఏమిటంటే అతను చూస్తున్నది వెనక వైపు. అంటే బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి వస్తుంది. అందుకే పోప్ పదో లియో సిస్టైన్ చాపెల్ కోసం బ్రస్సెల్స్‌లో నేయించిన వరసకు రఫేల్ గీసిన నమూనాలన్నీ తిరగేసి ఉంటాయి. ఆ సంగతి మరిచిపోయి గీసిన చిత్రకారుడి సైనికులంతా ఎడమ చేత్తో కత్తి తిప్పుతారు.

ఇక్కడ అక్క ఆగలేకపోయింది. చీరాల కుప్పడం చీరలో ఒంటికి ఒక నాడె (పేక దారాన్ని మోసుకెళ్లేది), రెండంచులకూ రెండు నాడెలు, కలిసే చోట పేకలు ఒకదానికొకటి మెలిపడతాయి. ‘మరి వీళ్లు మెలివేయరా? రెండు రంగుల మధ్య సందు పడదూ?’ అని నన్ను అనువదించమంది. గైడు అమ్మాయి ముఖం వెలిగిపోయింది. సందు పడుతుంది, తర్వాత దాన్ని సూదితో కుడతారు, అసలు కష్టమంతా అక్కడే అంటూ మమ్మల్ని బాగుచేసే గదిలోకి తీసుకెళ్లింది.

గోడకు కట్టినప్పుడు టాపెస్ట్రీ పక్కకు తిరిగి ఉంటుంది. పడుగు అడ్డంగా, పేక నిలువుగా. మీటర్ల కొద్దీ పొడవున్న బట్ట బరువంతా పేక మీద, ఆ కుట్ల మీద పడుతుంది. నాలుగైదు వందల ఏళ్లు వేలాడితే కుట్లు తెగి సందులు నోళ్లు తెరుస్తాయి. బల్ల మీద పరిచిన ఒక పాత తెరలో ఒక పెద్దాయన మొహం మా కళ్ల ముందే ఉంది. చర్మం, గడ్డం, పెదవులు బాగానే ఉన్నాయి. కనుబొమ్మల గీత, ముక్కు అంచు మాత్రం లేవు, పడుగు పోగులు బయటపడి కనిపిస్తున్నాయి. ముదురు గోధుమ, నలుపు రంగులకు ఇనుము కలిపేవాళ్లు, ఆ ఇనుమే ఏళ్ల తరబడి దారాన్ని తినేస్తుంది. అందుకని మొహంలో ముందు పోయేది గీతలే. ఒక కుట్టుపని అమ్మాయి తలెత్తకుండా నార బట్ట ఆసరా పెట్టి ఒక్కొక్క పోగునూ పట్టి కుడుతోంది. కొత్త బొమ్మ అల్లదు, ఉన్నది రాలిపోకుండా నిలబెడుతుంది. అక్క ఆమె వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. మంచి నేతగాడు నెలకు చదరపు మీటరు అటూఇటూగా నేసేవాడట, పని సన్నదైతే అదీ రాదు. ‘ఇంటిల్లిపాదీ తిని ఉండాలి కదే, ఎవరిచ్చేవాళ్లో కూలి’ అంది బయటికొస్తూ.

భోజనం దగ్గర తంటా. అది మే నెల, తెల్ల ఆస్పరాగస్ కాలం. మెకెలెన్ చుట్టుపక్కల పొలాల్లో పండేది ప్రసిద్ధం. ఫ్లెమిష్ పద్ధతిలో దాని మీద వెన్న, పార్స్‌లీ, చిదిమిన ఉడకబెట్టిన గుడ్డు వేస్తారు. శనివారం కాబట్టి అక్క గుడ్డు ముట్టదు. గుడ్డు వద్దంటే ఆ హోటలామె ‘మరి ఇంకేముంటుందీ అందులో?’ అన్నట్టు నావైపు చూసింది. చివరికి కూరముక్కలు, వెన్న, ఉడికిన బంగాళాదుంపలు వచ్చాయి. అక్క బ్యాగులోంచి కారప్పొడి సీసా తీసింది. ఇరవై రెండు యూరోలు. మంచినీళ్లకు వేరే బిల్లు. కుళాయి నీళ్లు అడిగితే తప్పుగా చూస్తారు, అడగకపోతే సీసా తెస్తారు. మేం రెండో రోజుకే నీళ్లు మోసుకెళ్లడం మొదలుపెట్టాం.

ఈ ఊరే చార్లెస్ మేనత్త మార్గరెట్ ఆఫ్ ఆస్ట్రియా రాజధాని. తండ్రి చనిపోయిన చార్లెస్‌ను ఆమె ఇక్కడే పెంచింది. ఆమె మహల్లో ఇప్పుడు కోర్టు నడుస్తోంది. లోపలి తోటలోకి పోనిచ్చారు.

ఆదివారం, గెంట్

ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, వాన్ ఐక్ బొమ్మ దర్శనం మధ్యాహ్నం నుంచే. టెన్షన్ లేకుండా కాలవల పక్కన తిరిగాం. చార్లెస్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1500లో. అలాగని ఊరికి అతనంటే ప్రేమేమీ లేదు. యుద్ధాల పన్ను కట్టమని 1539లో గెంట్ తిరగబడితే, మరుసటి ఏడాది సైన్యంతో వచ్చి ఊరి పెద్దలను చొక్కాలతో, ఒట్టి కాళ్లతో, మెడకు ఉరితాడు వేయించి వీధుల్లో నడిపించి క్షమాపణ చెప్పించాడు. గెంట్ వాళ్లు ఇప్పటికీ తమను ‘ఉరితాడు వేసుకున్నవాళ్లం’ అని గర్వంగా చెప్పుకుంటారు. పన్నులతో కొన్న ఉన్ని, పట్టు, బంగారు జరీతో ఉత్తర ఆఫ్రికాలోని టునిస్ మీద తన దండయాత్రను పన్నెండు పెద్ద తెరలుగా నేయించుకున్నవాడూ ఇతనే. 1535లో ఆ యుద్ధానికి వెర్మేయెన్ అనే చిత్రకారుణ్ణి వెంట తీసుకెళ్లి మరీ బొమ్మలు గీయించాడు. నేసింది బ్రస్సెల్స్‌లో పన్నెమాకర్ కార్ఖానా.

సెయింట్ బావో కెథడ్రల్లో గాజుపెట్టెలో ఉంది ‘పవిత్ర గొర్రెపిల్ల’ చిత్రం. గొర్రెపిల్ల అంటే క్రీస్తుకు గుర్తు. చెక్క పలకల మీద వేసి, తలుపుల్లా మూసి తెరిచేలా చేసిన బొమ్మ. హ్యూబర్ట్, జాన్ వాన్ ఐక్ అన్నదమ్ములది, 1432లో పూర్తయింది. దీనికున్న దొంగతనాల చరిత్ర ఇంకే బొమ్మకూ ఉండదేమో. 1566లో విగ్రహాలు పగలగొట్టే ప్రొటెస్టెంటు గుంపులు వస్తే చర్చి గోపురంలో దాచారు. 1794లో ఫ్రెంచి సైన్యం మధ్య పలకలు పారిస్ పట్టుకుపోయింది. వాటర్లూలో నెపోలియన్ ఓడాక తిరిగొచ్చాయి. రెక్కల పలకలను చర్చివాళ్లే అమ్ముకుంటే బెర్లిన్ చేరాయి, మొదటి యుద్ధం తర్వాత వెర్సేల్స్ ఒప్పందంలో రాయించుకుని వెనక్కి తెచ్చారు. రెండో యుద్ధంలో నాజీలు ఎత్తుకెళితే ఆస్ట్రియాలో ఉప్పు గనిలో దొరికింది. 1934 ఏప్రిల్లో పోయిన ‘న్యాయమూర్తుల’ పలక మాత్రం నేటికీ దొరకలేదు. అక్కడున్నది నకలు.

గొర్రెపిల్ల మొహం దగ్గర అందరూ ఆగుతారు. 2012లో మొదలైన బాగుచేతలో, పదహారో శతాబ్దంలో ఎవరో పైపూత పూశారని తేలింది. అది గీకేస్తే కింద అసలు మొహం బయటపడింది. రెండు కళ్లూ ముందుకు పెట్టి మనల్నే నిలదీస్తున్నట్టు చూస్తుంది. అంతకు ముందు 1950ల్లో ఒకసారి శుభ్రం చేసినప్పుడు అసలు చెవులు మాత్రమే బయటపడి, పైపూత చెవులతో కలిపి గొర్రెపిల్ల చాలా ఏళ్లు నాలుగు చెవులతో గడిపింది. మా వెనక నిలబడ్డ ఇటలీ జంట ఆ కొత్త మొహం నచ్చలేదని గుసగుసలాడుకున్నారు. నాకు నచ్చింది. పాతది సాధు జంతువు, ఇది బలికి తనంతట తాను వచ్చిన జీవి.

అక్క మొహాలు చూడలేదు. పై వరసలో పాడే దేవదూతల జరీ వస్త్రాలు చూసింది. ‘ఇది చూసి రాసింది కాదే, ఇంట్లో పెట్టుకుని రాసింది. మడతలో జరీ ఎక్కడ ముదురుగా కనపడాలో వీడికి తెలుసు’ అంది. బట్ట వ్యాపారంతో బతికిన ఊరు. తెలియక ఎలా ఉంటుంది?

రాత్రి భోజనానికి ఈ ఊరు దేవుడిచ్చిన వరం. గురువారం మాంసం మానేద్దామని 2009లోనే ఊరంతా పిలుపిచ్చిన చోటు, శాకాహారం అడిగితే ఎవరూ వింతగా చూడరు. నేను మాత్రం బీరులో ఉడికించిన గొడ్డుమాంసం కూర పక్క టేబుల్ నుంచి వాసన చూసి, కాయగూరల వాటర్‌జోయి తిన్నాను. క్రీము, కూరముక్కలు వేసిన పలచటి సూపు. ఉప్పు తక్కువ, వెచ్చదనం ఎక్కువ.

సోమవారం మ్యూజియాలకు సెలవు. బట్టలుతుక్కున్నాం.

మంగళవారం, ఔదెనార్డ

టూరిస్టులు రాని ఊరు. వచ్చేవాళ్లు సైకిల్ పందేల మనుషులే. స్టేషన్ నుంచి చౌక్‌కు పోయే రోడ్డు తవ్వేసి బాణం గుర్తులు పెట్టారు. గుర్తులు పట్టుకుని నడిస్తే షెల్ట్ నది ఒడ్డున ఒక పాత గోదాముల దగ్గర తేలాం. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఎదురొచ్చి, ఏమీ మాట్లాడకుండా చెయ్యి ఊపి రమ్మని, టౌన్‌హాల్ కనిపించేదాకా మాతో నడిచాడు. థాంక్స్ చెబితే టోపీ తీసి వెళ్లిపోయాడు. ఫ్లాండర్స్ వాళ్లు మొదట ముభావంగా కనిపిస్తారు, పని మాత్రం చేసిపెడతారు.

టౌన్‌హాల్ 1526 నుంచి 1536 మధ్య కట్టింది, రాయిని లేసులా చెక్కారు. మ్యూజియం అందులోనే. ఈ ఊరి ప్రత్యేకత వెర్డ్యూర్లు, అంటే మనుషుల కంటే ఆకులు, చెట్లు, పక్షులు ఎక్కువగా ఉండే టాపెస్ట్రీలు. రాజులకు కాదు, డబ్బున్న వర్తకులకు. బ్రస్సెల్స్ నేతగాళ్లు 1528 నుంచి అంచు మీద రెండు బి అక్షరాల మధ్య ఎర్ర డాలు గుర్తు వేయాల్సి వస్తే, వీళ్ల గుర్తు కళ్లజోడు. హాల్లోకి అడుగు పెట్టగానే అడవి మొత్తం నీలంగా ఉంది. రాత్రి పూట అడవి అనుకున్నాను. కాదు. ఆకుపచ్చ కోసం నీలి రంగు మీద ఒక మొక్క పసుపు అద్దేవాళ్లు. ఆ పసుపు వెలుతురు తగిలి ముందుగా వెలిసిపోయింది, నీలి మిగిలింది. వెనక వైపు వెలుతురు తగలదు కాబట్టి అక్కడ ఇంకా పచ్చగానే ఉంటుందట. అక్క అంచు ఎత్తి చూడాలని ఎంత తహతహలాడిందో!

ఈ ఊరి అసలు కథ వేరే ఉంది. 1521 చివర్లో టూర్నై నగరం ముట్టడి సమయంలో చార్లెస్ ఔదెనార్డలో మకాం పెట్టాడు. దొర ఇంట్లో పనిచేసే యోహానా వాన్ డెర్ గెయిన్స్ట్ అనే అమ్మాయి అతని కంటపడింది. ఆమె తండ్రి టాపెస్ట్రీ నేతపనివాడు. మరుసటి ఏడాది ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను తల్లి దగ్గర ఉంచలేదు, బ్రస్సెల్స్‌లో పెంచారు. ఆమే మార్గరెట్ ఆఫ్ పార్మా. 1559 నుంచి 1567 దాకా ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ ఉన్న ఈ దేశాలన్నిటినీ తమ్ముడు, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ తరఫున పాలించింది. 1566లో గెంట్ బొమ్మను గోపురంలో దాచిన గొడవ కూడా ఆమె హయాంలోనే. నేతగాడి మనవరాలు టాపెస్ట్రీలు కట్టిన హాల్లో దర్బారు చేసింది. తాత నేసినవి కూడా ఆ గోడ మీద ఉండి ఉంటాయా అని అక్క అడిగింది. ఎవరు చెప్పగలరు? నేసినవాళ్ల పేర్లు చాలావరకు మిగల్లేదు, కార్ఖానా యజమాని గుర్తే మిగిలింది.

ఆ గొడవల తర్వాతే నేతగాళ్లు మూటముల్లె సర్దుకోవడం మొదలైంది. ప్రొటెస్టెంటులు డెల్ఫ్ట్‌కు, జర్మనీకి, ఇంగ్లండ్‌కు. తర్వాత ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ ఫ్లెమిష్ నేతగాళ్లను పారిస్ పిలిపించాడు. పారిస్‌లోని గోబెలాన్ల టాపెస్ట్రీ కార్ఖానా పేరు ప్రపంచమంతా వినిపించడం వెనక ఉన్నవి ఈ చేతులే. బ్రస్సెల్స్‌లో ఆఖరి కార్ఖానా 1794లో మూతపడింది. అంతకుముందు నేసిన బంగారు జరీ టాపెస్ట్రీలు ఎన్నో, ఫ్రెంచి విప్లవం తర్వాత పారిస్‌లో జరీ కోసం కాల్చేశారు.

చౌక్‌లో ఒక కాఫీ హోటల్లో అక్క పుదీనా టీ, నేను ఇక్కడి గోధుమరంగు బీరు తాగాం. పుల్లగా తియ్యగా, చింతపండు నీళ్లలో బెల్లం కలిపినట్టుంది. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు, సాయంత్రం ఆరు దాకా ఇక కేకులే. ఆకలితో వచ్చేవాళ్లు గుర్తుంచుకోండి.

గురువారం, బ్రూజ్

గుర్రబ్బళ్లు, చాక్లెట్ కొట్లు, జనం. ఒక వాఫిల్ ఏడు యూరోలు, మెకెలెన్‌లో నాలుగే. సముద్రానికి దారిచ్చే జ్విన్ కాలువ పూడుకుపోయి వర్తకులు ఆంట్‌వెర్ప్ వెళ్లిపోబట్టే ఈ ఊరు పదిహేనో శతాబ్దంలా మిగిలిపోయింది. ఇప్పుడు ఆ పేదరికమే ఆదాయం.

గ్రోనింగె మ్యూజియంలో వాన్ ఐక్ 1436లో వేసిన బొమ్మ ఉంది. మేరీమాత ముందు ముసలి మతాధికారి వాన్ డెర్ పాలె మోకరించి ఉంటాడు, చేతిలో కళ్లజోడు, కణతల మీద నరాలు. వాళ్ల కాళ్ల కింద తూర్పు దేశపు తివాచీ. అక్క అక్కడ చాలాసేపు నిలబడింది.

పక్క గదిలో గెరార్డ్ డేవిడ్ వేసిన ‘కాంబిసస్ తీర్పు’, 1498. కాంబిసస్ పర్షియా రాజు. లంచం తిన్న జడ్జి సిసామ్నెస్‌ను బల్ల మీద కట్టేసి బతికుండగా చర్మం ఒలుస్తున్నారు. ఒకడు కత్తి పళ్ల మధ్య పట్టుకుని కాలి చర్మం శ్రద్ధగా లాగుతున్నాడు. వెనకాల చూస్తే జడ్జి కొడుకు ఆ చర్మం పరిచిన కుర్చీ మీదే కూర్చుని తీర్పు చెబుతున్నాడు. ఇది ఊరి పెద్దలు న్యాయం చెప్పే గదిలో, వాళ్ల కళ్లెదుట ఉండేలా టౌన్‌హాల్ వాళ్లే వేయించుకున్నారు. ‘మనం చర్మం ఒలిచి చెప్పులు కుట్టిస్తామంటాం. వీళ్లు కుర్చీకి వేశారు’ అంది అక్క. పక్కనున్న కాపలా కుర్రాడు ఏమన్నారని అడిగాడు. చెప్పాను. కడుపుబ్బ నవ్వి, అది మా టౌన్‌హాల్‌కు మళ్లీ పంపాలన్నాడు.

బయట వీధి నిండా టాపెస్ట్రీ దిండు గలేబులు అమ్మే కొట్లు. యూనికార్న్, సింహం, ఆకులు. అక్క ఒకటి తిరగేసి వెనకవైపు పోగులు చూసి, ‘పవర్‌లూమ్. జకార్డ్ యంత్రం. అయినా పని బాగుంది’ అని తీర్పు చెప్పింది. ఇరవై ఎనిమిది యూరోలు. ఇరవైకి ఇవ్వమంది. కొట్టామె మర్యాదగా ధర చీటీ చూపించింది. బేరం ఇక్కడ లేదు. అక్క రెండు తీసుకుంది, ఒకటి వియ్యపురాలికి. టునిస్ తెరలు ఇప్పుడు మాడ్రిడ్‌లో ఉన్నాయని రైల్లో చెప్పాను. అక్కడికి ఎంతవుతుందో ఫోన్లో చూడమంది.